గాల్లో లేచిన చక్రం

పెద్దాయన బల్ల మీద, పేపర్‌వెయిట్ పక్కన, ఒక పన్ను ఉంది.

"చూడు. గుర్తుపడతావేమో," అన్నాడు పెద్దాయన, దగ్గుబిళ్ళను ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకు మార్చుకుంటూ.

డిపార్ట్‌మెంట్‌లో అందరూ ముల్లు అని పిలిచే ఏజెంట్ ఆ పన్నును టేబుల్ లైటు కిందికి జరిపాడు. దవడ పన్ను. పైన బంగారు తొడుగు, దానికి ఒక మూల చిన్న నొక్కు. పెళ్ళైన కొత్తలో, అల్లుడి ముందు గొప్ప కోసం సోడా సీసా మూత పళ్ళతో తీయబోయి మామగారు తెచ్చుకున్న నొక్కు అది.

"మా మావయ్యది సార్."

గొంతు వణకలేదు. వణకనందుకే అతనికి జీతం ఇస్తున్నారు.

"శభాష్. మిగతా పళ్ళు ప్రస్తుతానికి ఆయన నోట్లోనే ఉన్నాయనుకుందాం," అన్నాడు పెద్దాయన.

ముల్లు మామగారు సైఫర్ సెక్షన్‌లో సీనియర్ గుమాస్తా. దేశం తన రాయబారులకు పంపే రహస్య సందేశాల తాళాలన్నీ ఆయన తలలోనే ఉంటాయి. కాగితం మీద పెట్టడం నిషేధం. అంత విలువైన తలకు పన్నునొప్పి వచ్చింది. ఆఫీసు డాక్టరు దగ్గర క్యూలో నిలబడడానికి బద్ధకించి, పేరున్న క్లినిక్ కదా అని వెళ్ళి, తన నోరు తనే తీసుకెళ్ళి పులి నోట్లో పెట్టాడు. ఆ క్లినిక్ ఒక విదేశీ కాన్సులేట్ భవనంలో కింది అంతస్తు. అక్కడి పళ్ళ డాక్టరు ఆ దేశపు గూఢచారి ముఠాకు నాయకుడు.

"పన్నుతోపాటు కబురూ పంపాడు," అన్నాడు పెద్దాయన. "గేటు బయట ఒక్క పోలీసు మొహం కనపడ్డా, దారికి ఏది అడ్డం పెట్టినా, మిగతావి తలతో సహా పంపుతాడట. లోపలికి మనం అడుగు పెట్టలేం. అది వాళ్ళ జెండా కింద ఉంది. గురువారం మధ్యాహ్నం మీ మామగారిని కార్లో రేవుకి తీసుకెళ్తున్నారు. పడవ సిద్ధంగా ఉంది."

"రోడ్డెక్కాక పట్టుకోవచ్చుగా సార్?"

"ఆ కారునా? దాన్ని నడిపేది డాక్టరు బావమరిది. ఇంజన్‌కి మూడింతల బలం ఎక్కించాడు. మన జీపులు దాని పొగ కూడా చూడవు. కానీ దేవుడున్నాడు. మొన్న ఎవరితోనో పందెం కట్టి తోలితే వెనక డిఫరెన్షియల్ పగిలింది. కొత్తది వెయ్యాలి. ఏది వెయ్యాలో నువ్వు చెప్తావు."

ముల్లు ఈ ఉద్యోగంలోకి రాకముందు రేసు కార్ల షెడ్డులో పనిచేశాడు. ఇంజన్ బలాన్ని రెండు వెనక చక్రాలకూ పంచిపెట్టే ఆ ఇనుప పెట్టె సంగతి అతనికి తెలుసు. "పగిలిపోయేది పెట్టమంటారా?"

"చంపేస్తాడు. మొన్న పగిలినందుకు ఆ కారు చూసే షెడ్డులో మేస్త్రి వేళ్ళు పళ్ళచక్రాల మధ్య పెట్టి తిప్పాడు డాక్టరు. సామాను మంచిదే కావాలి. బిగింపూ మంచిదే కావాలి. గేటు దగ్గర మాత్రం, మనమెవరం ముట్టుకోకుండా, కారు దానంతటదే ఆగాలి. అబద్ధం ఒక్కటీ చెప్పకు. ఒక్క నిజం మింగెయ్, చాలు. ఆ మింగింది అత్తరుకి కూడా చెప్పకు."

అత్తరు అంటే క్లినిక్ రిసెప్షనిస్టు. ఆమె వెళ్ళిపోయాక కూడా గదిలో ఆమె వాసన కాసేపు ఉంటుంది కాబట్టి ఆ పేరు. డాక్టరు తన మనిషి అనుకుంటాడు. పెద్దాయన తన మనిషి అనుకుంటాడు. ఆమె చెవిపోగులో డిపార్ట్‌మెంట్ అమర్చిన మైక్రోఫోన్ ఉంది.

"కారు ఆగకపోతే సార్?"

పెద్దాయన అలమార తెరిచి రైఫిల్ తీసి పన్ను పక్కన పెట్టాడు. "క్లినిక్ వెనక లాడ్జిలో పై అంతస్తు గది తీశాం. సెల్లారు నుంచి గేటుకి ఎక్కే ర్యాంపు అక్కణ్ణుంచి బాగా కనిపిస్తుంది. ఆ తల మాత్రం దేశం దాటకూడదు. కోడ్ వర్డ్, పన్ను పీకెయ్."

"నేనేనా సార్?"

"నీకన్నా గురి ఉన్నవాడెవడు? పైగా ఇంటి మనిషివి. నొప్పి తెలియకుండా చేస్తావు," అని పెద్దాయన ఇంకో దగ్గుబిళ్ళ నోట్లో వేసుకున్నాడు.

*

షెడ్డులో గేరాయిల్ వాసన, పాత టైర్ల వాసన. లిఫ్ట్ మీద నల్లటి కారు వెనక భాగం విప్పి ఉంది. పాత మేస్త్రి కుడిచేతికి కట్టుతో మూల స్టూలు మీద కూర్చుని, ఎడమచేత్తో స్పానర్లు తుడుస్తున్నాడు. ఎవరైనా మాట్లాడిస్తే ఉలిక్కిపడుతున్నాడు.

గడ్డం పెంచి, గోళ్ళ సందుల్లో గ్రీజు దట్టించి, ముల్లు కొత్త మేస్త్రి వేషంలో కారు కింద నిలబడ్డాడు. ముందు వాసన వచ్చింది, తర్వాత అత్తరు వచ్చింది.

"గేరాయిల్ చిక్కగా ఉందా మేస్త్రీ?"

"చలికి పేరిన తేనెలా ఉందమ్మా."

కోడ్ సరిపోయింది. ఆమె వెనకే తాళాలు వేలికి తిప్పుకుంటూ డాక్టరు బావమరిది వచ్చాడు. బావ డబ్బుతో కొన్న కారు, బావ డబ్బుతో కొన్న కళ్ళద్దాలు, సొంతంగా ఉన్నది ఒక్క పొగరు మాత్రమే.

"ఏం పెడతావ్ మేస్త్రీ? రెండు చక్రాలూ కలిపి వెల్డింగ్ కొట్టెయ్. గోల వదిలిపోద్ది."

"కొట్టేయొచ్చు సార్. తిన్నగా పోతే రాకెట్టే. మలుపులో లోపలి చక్రం తక్కువ తిరగాలి, బయటిది ఎక్కువ తిరగాలి. రెండూ కట్టేస్తే టైర్లు ఏడుస్తాయి. తడి రోడ్డు మీద మీ కారు తోక మీకన్నా ముందు ఇల్లు చేరుద్ది."

"అయితే మామూలుదే పెట్టు. ఓపెన్."

"ఓపెన్ అంటే సోమరిపోతుకి పెత్తనం ఇచ్చినట్టు సార్. ఏ చక్రం పట్టు లేకుండా ఊరికే తిరుగుద్దో దానికే బలం పోతుంది. మీ ఇంజన్‌కి అది పెడితే ఒక టైరు కాలి బూడిదవుద్ది, కారు ఉన్నచోటే ఉంటుంది."

బావమరిది నవ్వాడు. "పోయినసారి ప్లేట్లది ఉండేది. అదే పెట్టు మరి."

ముల్లు భయపడింది ఆ మాటకే. ప్లేట్ల డిఫరెన్షియల్ ఒక చక్రం గాల్లో లేచినా రెండో చక్రాన్ని తిప్పుతుంది. అది పెడితే కారు ఆగదు. కారు ఆగకపోతే గురువారం తను ఏం చేయాలో అతనికి తెలుసు.

"ప్లేట్లది మొండి ఘటం సార్, బలంగా లాగుద్ది," అన్నాడు నింపాదిగా. "కానీ నెమ్మదిగా మలుపు తిరిగితే కటకటమని కొట్టుకుంటుంది. వీధి వీధంతా తిరిగి చూస్తుంది. ప్లేట్లు అరుగుతాయి, మళ్ళీ విప్పాలి. హెలికల్ గేర్లది ఉంది. ప్లేట్లు లేవు, అరుగుదల లేదు, చప్పుడు లేదు. ఏ చక్రానికి పట్టుంటే దానికి ఎక్కువ బలం తనే పంపిస్తుంది. వీధిలో తిరిగే బలమైన కారుకి అంతకన్నా మంచిది లేదు. హ్యాండ్‌బ్రేక్ ఏది సార్, కనపడదే?"

"పీకి పారేశా. దండగ బరువు. అసలు బ్రేకు తొక్కేవాడు బస్సెక్కాలి."

"మాట మంచి మాట," అన్నాడు ముల్లు. నిజంగానే అన్నాడు.

"చప్పుడు లేకపోవుట మాకు ముఖ్యము."

అందరూ తిరిగి చూశారు. షెడ్డు గుమ్మంలో తెల్ల కోటుతో పళ్ళ డాక్టరు నిలబడి ఉన్నాడు. మన భాషను పుస్తకాల్లో నేర్చుకున్న మనిషి. అక్షరం పొల్లుపోదు. మూలన పాత మేస్త్రి చేతిలోంచి స్పానర్ జారి కింద పడింది.

డాక్టరు జేబులోంచి రబ్బరు తొడుగు తీసి చేతికి వేసుకున్నాడు. "మేస్త్రిగారూ, నోరు తెరవండి."

ముల్లు తెరిచాడు. డాక్టరు బొటనవేలు దవడల వెంట నిదానంగా నడిచి, ఒక పుచ్చుపన్ను దగ్గర ఆగింది. వెదికినదేదో దొరికినట్టు అతని మొహం వికసించింది. "అబద్ధమాడినవారి దవడ బిగుసుకొనును. చెప్పండి. ఇది అంత మంచిదైనచో, ఇందులో లోపమేమిటి?" బొటనవేలు నొక్కింది.

ముల్లు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "బరువెక్కువ సార్... ఒకసారి బిగించాక దూకుడు పెంచుకోడానికి, తగ్గించుకోడానికి ఉండదు. ప్లేట్లదాన్ని సర్దుకోవచ్చు. దీన్ని సర్దలేం."

"మరి?" వేలు ఇంకా లోపలికి దిగింది. పన్ను కదిలింది.

"నాకు రెండు చేతులూ కావాలి సార్. మూలన కూర్చున్న ఆయన్ని రోజూ చూస్తున్నాను. మీకు చెడ్డ సామాను ఎందుకు పెడతాను?"

అదీ నిజమే. డాక్టరు వేలు తీసి, తొడుగు విప్పి, ముల్లు చొక్కా జేబులోనే పడేశాడు. "ఆ పన్ను తీయించుకొనుడి. నిర్లక్ష్యము ప్రాణాంతకము," అని సలహా ఇచ్చి వెళ్ళాడు. బావమరిది బావ వెనకే, బయట ఆపిన ఇంకో కారు దాకా పరుగెత్తాడు.

అత్తరు మాత్రం ఉండిపోయింది. కర్చీఫు తీసి ముల్లు పెదవి మీది రక్తం అద్దింది.

"నిజం చెప్పండి. ఎక్కడ ఆగుతుంది? ముందు సీట్లో కూర్చోబోయేది నేను. తల ఎప్పుడు దాచుకోవాలో తెలియకపోతే మీవాళ్ళ తూటా నాకే తగులుతుంది."

పెద్దాయన మాట గుర్తొచ్చింది. కానీ ఆమె గొంతులో భయం నిజమైనది. పైగా అందమైన ఆడమనిషి అడిగితే తెలిసిందంతా చెప్పాలనిపించే జబ్బు గూఢచారులకూ ఉంటుంది.

"ర్యాంపు పైన గేటు దగ్గర ఏటవాలుగా కాలవ ఉంది చూశావా? ఈ కారు స్ప్రింగులు మరీ బిర్రుగా ఉన్నాయి. అక్కడ మలుపు తిరుగుతుంటే ఎడమ వెనక చక్రం గాల్లో లేస్తుంది. వేగంలో ఉంటే దాటేస్తుంది. సరిగ్గా అక్కడ ఆగిందా, కదల్లేదు. జారే చక్రానికి ఎంత పట్టుంటే దానికి ఇన్ని రెట్లు అని రెండో చక్రానికి బలం పంపుతుంది ఇది. గాల్లో ఉన్న చక్రం పట్టు సున్నా కాబట్టి, సున్నాని ఎన్ని రెట్లు చేసినా సున్నాయే."

"దానికి విరుగుడు లేదా?"

"ఉంది. యాక్సిలరేటర్ ఇస్తూనే బ్రేకు కాస్త తొక్కాలి. గాల్లో చక్రానికి బరువు తగులుతుంది, రెండోది పట్టుకుంటుంది. కానీ మన హీరో తొక్కడుగా."

ఆమె నవ్వింది. కర్చీఫు మడిచి బ్యాగులో పెట్టుకుంది. అది బ్యాగులోకి వెళ్ళాకే ముల్లుకు తన తప్పు తెలిసింది. నోరు జారాక నాలుక కరుచుకుంటే ఏం లాభం?

*

గురువారం మధ్యాహ్నం ఎండ మండిపోతోంది. లాడ్జి పై గది కిటికీలో, ఆరేసిన దుప్పటి వెనక, ముల్లు రైఫిల్‌తో బోర్లా పడుకుని ఉన్నాడు. చెవిలోని చిన్న యంత్రంలో రెండు గొంతులు వినిపిస్తాయి. ఒకటి పెద్దాయనది. రెండోది అత్తరు చెవిపోగు పంపేది.

కారు పొద్దున షెడ్డు నుంచి వచ్చి ర్యాంపు దిగింది. దిగేటప్పుడు ఏ డిఫరెన్షియల్ అయినా ఒకటే. డాక్టరు ప్రతి బోల్టూ చూసుకున్నాడు. అన్నీ సవ్యంగా ఉన్నాయి.

గేటుకి ఎదురుగా, రోజూ ఆగే చోటే, మునిసిపాలిటీ నీళ్ళ ట్యాంకరు ఆగి ఉంది. గొట్టం పట్టుకున్న ఇద్దరూ డిపార్ట్‌మెంట్ మనుషులు. వాకర్ పట్టుకుని ఫుట్‌పాత్ మీద ఒక్కో అడుగూ వేస్తున్న ముసలావిడ డిపార్ట్‌మెంట్ షూటింగ్ చాంపియన్.

నల్ల కారు ర్యాంపు ఎక్కింది. చప్పుడే లేదు. వెనక అద్దంలోంచి రెండు తలలు కనిపిస్తున్నాయి. ఒకటి డాక్టరుది. ఇంకొకటి దవడలకు కట్టు కట్టించుకుని ఇంటికెళ్తున్న పేషెంటులా కనిపిస్తున్న మనిషిది. కట్టు కింద, మెడ మీద, శనగబద్దంత పుట్టుమచ్చ. మామగారిది. డాక్టరు పిస్తోలు ఆయన డొక్కలో ఉంటుంది, అది చూడకుండానే తెలుస్తుంది.

ముసలావిడ సరిగ్గా గేటు ముందుకొచ్చి, ఆయాసం తీర్చుకోవడానికి ఆగింది. బ్రేకుని బద్ధశత్రువుగా చూసే బావమరిది కూడా, అంత దగ్గర్లో మనిషి ఉంటే, తొక్కక తప్పలేదు. కారు ఆగింది. ముక్కు రోడ్డు మీద, తోక ర్యాంపు మీద, ఎడమ వెనక చక్రం కాలవ పైన గాల్లో.

ముసలావిడ కదిలింది. బావమరిది బ్రేకు వదిలి యాక్సిలరేటర్ తొక్కాడు. ఇంజన్ గర్జించింది. గాల్లో చక్రం గిర్రున తిరిగింది. కారు అంగుళం కదల్లేదు.

"ఏమైనది?" డాక్టరు గొంతు.

"ఏం లేదు బావా. ఇప్పుడే పట్టుకుంటది." ఇంకా గట్టిగా తొక్కాడు. చక్రం ఈల వేసింది.

ట్యాంకరు దగ్గరి ఇద్దరూ గొట్టం కింద పడేసి తాపీగా వచ్చారు. "తొయ్యమంటారా సార్?"

"అక్కరలేదు. దూరముగా నిలువుడు," అన్నాడు డాక్టరు. తర్వాత గొంతు తగ్గింది. "వీరి బూట్లు చూచితిరా? మునిసిపాలిటీ వారికి అట్టి బూట్లు ఇవ్వరు."

పెద్దాయన నిట్టూర్పు ముల్లు చెవిలో పడింది. "కనిపెట్టేశాడు. ఇప్పుడు కాల్చేస్తాడు, లేకపోతే మళ్ళీ లోపలికి దించుతాడు. రెండూ మనకి నష్టమే. పన్ను పీకెయ్."

ముల్లు పుట్టుమచ్చ మీద గురి నిలిపాడు. ఆ మెడ మీద ఎక్కి అతని కూతురు వీధంతా తిరిగేది. అతనికి ఏడుపొచ్చింది, కానీ గురి చెదరలేదు. గురి చెదరకపోవడం చూసి తనమీద తనకే అసహ్యం వేసింది.

"విన్నావా? పన్ను పీకెయ్."

వేలు ట్రిగ్గర్ మీద బిగుసుకుంది.

"బ్రేకు!" అని అరిచింది అత్తరు. "బ్రేకు కొంచెం తొక్కి యాక్సిలరేటర్ ఇవ్వండి! కదులుతుంది! త్వరగా!"

గోడమీది పిల్లి ఆఖరికి దూకింది. పడవ ఎవరిదో, గెలుపు ఎవరిదో లెక్కేసుకుని, డాక్టరు వైపు దూకింది.

"నువ్వు నాకు డ్రైవింగ్ నేర్పుతావా?" అన్నాడు బావమరిది. "నోరు ముయ్."

చక్రం తిరుగుతూనే ఉంది. డాక్టరు గొంతు మాత్రం చాలా మెత్తగా వినిపించింది. "అమ్మాయీ. ఈ సంగతి మేస్త్రి నాకు చెప్పలేదే. నీకేల చెప్పెను?"

 చెవిపోగులోంచి ఆమె ఊపిరి చప్పుడు వచ్చింది. డాక్టరు పిస్తోలు మామగారి డొక్క వదిలి ముందు సీటు వైపు లేచింది. తూటా పేలింది.

పిస్తోలు మామగారిని వదిలింది ఆ ఒక్క క్షణమే. ముల్లు గురి పుట్టుమచ్చ మీంచి జానెడు పక్కకు జరిగింది. వెనక అద్దం పగిలింది. డాక్టరు తల ముందుకు వాలిపోయింది.

చొక్కా నిండా రక్తం చూసుకున్న బావమరిది కుడికాలు యాక్సిలరేటర్ మీదే కొయ్యబారింది. భయానికి ఎడమకాలు ఎగిరి బ్రేకు మీద పడింది. గాల్లో చక్రానికి బరువు తగిలింది, రెండో చక్రం రోడ్డుని పట్టుకుంది. డిఫరెన్షియల్ తన పని తను నిజాయితీగా చేసింది. కారు రోడ్డు దాటి దూకి నీళ్ళ ట్యాంకర్లోకి దూరింది. ముసలావిడ వాకర్ వదిలేసి ఎగిరిన ఎత్తు చూసి ఫుట్‌పాత్ మీద ఒకాయన చప్పట్లు కొట్టాడు.

ట్యాంకరు పగిలి నీళ్ళు వీధంతా పారుతుండగా వెనక తలుపు లాగి మామగారిని బయటికి తీశారు. ప్రాణం ఉంది. బావమరిదికీ ప్రాణం ఉంది, కాళ్ళు మాత్రం పెడల్స్‌తో కలిసిపోయాయి.

పెద్దాయన చెవిలో అన్నాడు, "అత్తరు?"

"పోయింది సార్."

"ఆ చెవిపోగు తీసి కడిగించి పంపు. స్టోర్స్‌లో తక్కువున్నాయి." దగ్గుబిళ్ళ కొరికిన చప్పుడు. "విరుగుడు దానికి ఎవరు చెప్పారో నేను అడగను. చెప్పకపోయి ఉంటే నువ్వు మీ మావయ్యని కాల్చేవాడివి. పనికొచ్చిన తప్పుకి శిక్ష వెయ్యడం నాకు రాదు."

ముల్లు రైఫిల్ విప్పి సంచిలో సర్దాడు. తన నోటి జబ్బు వల్ల ఒక మనిషి చచ్చింది, ఒక మనిషి బతికాడు. ఆ రెండింటినీ సమంగా పంచే పెట్టె ఏ షెడ్డులోనూ దొరకదు.

*

ఆదివారం పొద్దున ముల్లు అత్తగారింటికి వెళ్ళాడు. మామగారు వరండాలో కూర్చుని గంజి చెంచాతో తాగుతున్నారు. బుగ్గలు లోపలికి పోయాయి. డాక్టరు ముందు ఒక్క సైఫరూ బయటపెట్టలేదాయన. ఒక్కో ప్రశ్నకు ఒక్కో పన్ను ఇచ్చుకున్నారు.

"రా అల్లుడూ."

"ఎలా ఉంది మావయ్యా?"

"నమలడం తప్ప అన్నీ బాగానే ఉన్నాయి." చెంచా పక్కన పెట్టారు. "కార్లో డ్రైవరు ముందు అద్దం ఉంటుంది చూడు, అందులో నాకు లాడ్జి కిటికీ కనపడింది. దుప్పటి వెనక నువ్వు. చాలాసేపు నా మెడ మీదే ఉన్నావు."

ముల్లు తల దించుకోలేదు. ఒక్క నిజం మింగే విద్య తనకు ఉంది కదా. "చివరికి డాక్టర్నే కొట్టాను మావయ్యా. మీ ఒంటి మీద గీత పడలేదు. నా గురి ఎప్పుడూ తప్పదని మీకు తెలుసుగా."

ప్రతి మాటా నిజమే. మామగారు అతని మొహంలోకి చూస్తూ కూర్చున్నారు. ఉన్న మాటల్లోంచి లేని మాట చదవడమే ఆయన జీవితమంతా చేసిన ఉద్యోగం. చదవడం పూర్తయ్యాక చెంచా మళ్ళీ చేతిలోకి తీసుకుని, లోపలికి కేకేశారు.

"ఏమోయ్, అల్లుడొచ్చాడు, కుర్చీ వెయ్యి. నాకు ఎదురుగా వెయ్యి. వెనక మాత్రం వద్దు."